ఖిమ్మీ అత్త గొంతు

మా కొండ ఊరు కండ్యార్‌లో ఎవరినడిగినా ఖిమ్మీ అత్త గొంతు గురించి చెప్తారు. నన్ను అడిగితే మాత్రం తల దించుకోవాల్సి వస్తుంది. అయినా చెప్తాను. ఆ గొంతు నొక్కింది నేనే, కాబట్టి చెప్పాల్సింది కూడా నేనే.

ఆమె మా నాన్నకి చెల్లెలు. పదహారో ఏట కింద ఏటి ఒడ్డు ఊరికి పెళ్ళి చేసి పంపితే ఏడాది తిరక్కుండానే, తనతో పంపిన ఆవుని తోలుకుని మరీ తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చావంటే, "ఆ ఊళ్ళో ఎప్పుడూ ఏటి హోరే. నేనేం చెప్పినా ఒక్కడికీ వినపడదు. అట్లాంటి చోట ఎవరుంటారు?" అనేది. జనం నవ్వేవారు. అసలు కారణం ఇంకేదో ఉండే ఉంటుంది. మా వైపు ఆడపిల్ల అత్తిల్లు వదిలి వచ్చిందని పెద్ద గొడవేం చేయరు, అందుకని ఎవరూ గుచ్చి గుచ్చి అడగలేదు. అప్పటినుంచీ మా ఇంట్లోనే ఉండిపోయింది. నాకు రెండేళ్ళప్పుడు అమ్మ పోతే నన్ను పెంచింది కూడా ఆమే.

మా ఊరికీ ఎదుటి కొండ మీద ఉన్న బురూట్‌కీ మధ్య పెద్ద లోయ. చూస్తే పక్కింటిలా కనిపిస్తుంది. నడిస్తే దిగడానికి గంట, ఎక్కడానికి గంటన్నర. ఫోన్లు లేని రోజుల్లో ఆ రెండు ఊళ్ళ మధ్య కబురు మోసింది మా అత్త గొంతే. ఎవరైనా పోయినా, ఎవరికైనా నొప్పులు మొదలైనా, కింద రోడ్డు మీద బస్సు ఆగిపోయినా జనం మా ఇంటికే పరిగెత్తుకొచ్చేవాళ్ళు. అత్త చేతిలో పని పక్కన పెట్టి, వాకిలి అంచున నిలబడి, ఒక చెవి అరచేత్తో మూసుకుని కేక వేసేది. అవతల కొండ మీద ఎవడో ఒకడు పొలంలోంచి తల ఎత్తేవాడు. "ఖిమ్మీ ఒకసారి పిలిస్తే బురూట్ కోళ్ళు రెండుసార్లు లేస్తాయి" అని మా నాన్న ఏడిపించేవాడు. "నీ కోళ్ళకి నేను లేకపోతే తెల్లారదు" అనేది ఆమె. మామూలుగా మాట్లాడినా అంతే. ఆమె చెవిలో చెప్పిన రహస్యం ఊరు దాటిపోయేది.

అట్లాంటి మనిషికి మా ఊళ్ళో ఏటా నలభై రెండు రోజులు నరకం. మాఘం మొదలైన రోజున మా దేవుడు పైన దేవతల సభకి వెళ్తాడు. ఆయన తిరిగొచ్చేదాకా ఊళ్ళో చప్పుడు కాకూడదు. గుడి గంట మోగదు, రేడియో, టీవీ మోగవు, మట్టిలో గుద్దలి పడదు, మనుషులు గొంతెత్తి మాట్లాడరు. చప్పుడైతే దేవుడు సభ మధ్యలో లేచి వచ్చేస్తాడు, ఆ ఏడాది ఊరికి మంచిది కాదు. ఎట్లాగూ నడుములోతు మంచు కాబట్టి అందరూ ఇళ్ళలో కూచుని ఉన్ని వడుకుతారు, దుప్పట్లు నేస్తారు. అత్త కూడా వరండాలో మగ్గం ముందు కూచునేది. నోట్లో మాట ఊరుతుంటే గుటకలు మింగేది. ఏదైనా చెప్పాల్సి వస్తే మా దగ్గరికి వచ్చి, నోటికి తలగుడ్డ అడ్డం పెట్టుకుని చెప్పేది. "దేవుడు సభకి పోవడం కాదు, ఖిమ్మీ నోటినుంచి నలభై రోజులు సెలవు పెట్టాడు" అని గుడి పెద్ద బేలీరామ్ తాత అంటే ఆమే అందరికన్నా ముందు నవ్వేది, చప్పుడు లేకుండా, భుజాలు ఎగరేస్తూ. అరవై దాటేదాకా ఒక్క ఏడూ తప్పలేదు.

నాన్న పోయాక నేను ఇంటి మీద మూడు గదులు కట్టించాను. ఎండాకాలంలో ప్రయాణికులు వస్తూ పోతూ ఉండేవాళ్ళు. చలికాలంలో ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. అప్పుడు నాకొక తెలివి పుట్టింది. చప్పుడు లేని ఊరు, నలభై రెండు రోజుల మౌనం, వచ్చి ఉండండి అని ఫోన్లో ఫోటోలతో పెట్టాను. జనం రావడం మొదలుపెట్టారు. ఊళ్ళో కొందరు సణిగారు. బేలీరామ్ తాత నన్ను పిలిచి చెప్పాడు: "నిరత్, మన మౌనం అమ్ముకునేది కాదురా. సరే, ఇంత ఖర్చు పెట్టావు, కానివ్వు. వచ్చినవాళ్ళ నడత నీ పూచీ. ఒక్క తప్పు జరిగితే చలికాలం నీ గదులకి తాళమే." నేను సరేనన్నాను.

రెండో చలికాలం ఢిల్లీ నుంచి సూరీ అనే ఆయన ఒక్కడే వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, మంచి మనిషి, చెప్పులు గుమ్మం బయటే విడిచేవాడు, అత్త అక్రోటు ముద్ద పెట్టి ఆవిరి మీద ఉడికించిన సిడ్డూ రొట్టెలు నెయ్యిలో ముంచుకుని నాలుగేసి తినేవాడు. మౌనం కోసం వచ్చానన్నాడు గానీ చెవుల్లో ఎప్పుడూ పాటలు పెట్టుకునే ఉండేవాడు. ఐదో రోజున నన్నడిగాడు, "ఒక్క మనిషి కూడా కనపడని చోటేదైనా ఉందా? అక్కడ కాసేపు కూచోవాలని ఉంది."

ఉంది. గుడి వెనక దేవదారు తోపు. ఆ నలభై రెండు రోజులూ అందులో ఊళ్ళోవాళ్ళెవరూ కాలు పెట్టరు. అది నాకు బాగా తెలుసు. ఆయన వెళ్ళాక నా గదుల గురించి నాలుగు మంచి మాటలు రాస్తాడని ఆశ. "తోపు వెనకనుంచి వెళ్ళండి, ఎవరూ చూడరు" అన్నాను. తోపు దాటాక కొండ అంచు ఉంటుందనీ, దాని మీద మంచు ఇంటి చూరులా గాల్లోకి పేరుకుని ఉంటుందనీ చెప్పడం మర్చిపోయాను. మేం పుట్టినప్పటినుంచీ చూస్తున్నది కాబట్టి, చెప్పాలనే తట్టలేదు.

కాసేపటికి నేను కప్పు మీద మంచు తోస్తున్నాను. అత్త మగ్గం దగ్గరనుంచి లేచి వచ్చి కింద నిలబడి చేతులు ఊపింది. అప్పుడు కూడా గుసగుసగానే అంది, "ఒరేయ్, ఆ బాబు మంచు చూరు మీదికి పోతున్నాడురా!" తిరిగి చూస్తే నిజమే. సూరీ దేవదారుల్లోంచి బయటికొచ్చి అంచువైపు నడుస్తున్నాడు. నేను పరిగెత్తినా చేరేలోపు అయిపోతుంది. అత్త నా మొహం చూసింది. నేనేమీ అనకపోయేసరికి వాకిలి అంచుకి వెళ్ళి, చెవి మూసుకుని కేక వేసింది.

"బాబూజీ! ఆగండి! ముందుకి పోకండి! కింద ఏమీ లేదు!"

ఆయన చెవుల్లో పాటలున్నాయి. వినపడలేదు. రెండోసారి వేసింది. మూడోసారికి లోయంతా మోగింది. సూరీ ఒక చెవిలోది తీసి వెనక్కి తిరిగాడు. రెండడుగులు ఇటు వేశాడో లేదో ఆయన నిలబడిన చోటు విరిగి కిందకి పోయింది.

ఇంటికొచ్చి అత్త చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మర్నాడే వెళ్ళిపోయాడు. అత్త మాత్రం రోజంతా పొయ్యి దగ్గర కూచుని, "దేవుడు సభ మధ్యలోంచి లేచి వచ్చేశాడంటావా?" అని నన్నడుగుతూనే ఉంది. "ఏం కాదులే" అన్నాను. చివరికి తనే సర్దుకుంది. "లెక్క అడిగిన రోజున ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్. మనిషి ప్రాణం కదా. దేవుడికి ఆమాత్రం తెలీదా?"

దేవుడి సంగతేమో గానీ బేలీరామ్ తాత సంగతి నాకు తెలుసు. ఉన్నది ఉన్నట్టు చెప్తే తర్వాతి ప్రశ్న, ఆయనకి ఆ దారి చెప్పిందెవరు? అక్కడితో నా గదులకి తాళం.

నలభై మూడో రోజున గుడి తలుపు తీశారు. మూసేముందు విగ్రహం మీద పూసిన మట్టిని తీసి చూస్తారు. పువ్వు దొరికితే పంట, వెంట్రుక దొరికితే గొర్రెలకి చేటు, బొగ్గు దొరికితే ఊరికి అగ్గి ముప్పు. ఆ ఏడు బొగ్గు ముక్క దొరికింది. అందరూ మొహాలు చూసుకున్నారు. తర్వాత గుడి వాకిట్లో ఇంటికొక మగమనిషి నిలబడి తన ఇంటి లెక్క చెప్పాలి. "మీ ఇంట్లోంచి చప్పుడు వచ్చిందా?" అని బేలీరామ్ తాత అడుగుతాడు. ఇంటాయన చెప్పిందే మాట. ఇంకెవరూ అది తప్పనకూడదు, అబద్ధమైతే అది అతనికీ దేవుడికీ మధ్య. ఆడవాళ్ళు ప్రహరీ పక్కన కూచుని వింటారు.

నా వంతు వచ్చింది.

"నిరత్, మీ ఇంట్లోంచి చప్పుడు వచ్చిందా?"

"వచ్చింది తాతా. మా అత్త అరిచింది."

"ఎందుకని?"

అప్పుడన్నాను ఆ మాట. ముందు రోజు రాత్రంతా నోట్లో తిప్పుకున్న మాటే. "ఆవిడకి ఈ మధ్య మతి స్థిమితం ఉండట్లేదు తాతా. చచ్చిపోయిన ఆవుని పిలుస్తోంది. ముసలిది, పట్టించుకోకండి."

బేలీరామ్ తాత నన్ను చాలాసేపు చూశాడు.

"ఇది నీ మాటేనా?"

"నా మాటే."

"ఇంకొకసారి అడుగుతున్నా. నీ మాటేనా?"

"నా మాటే తాతా."

మూడోసారి కూడా అడిగాడు. మిగతా ఇళ్ళవాళ్ళని ఒక్కసారే అడిగాడు. అది నాకప్పుడు తట్టలేదు. మూడోసారి చెప్పేటప్పుడు ప్రహరీ వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. అత్త నావైపే చూస్తోంది. పక్కనున్నామె ఏదో అడిగింది. అత్త తలగుడ్డ ముందుకి లాక్కుని, "అవును, ఆవే" అంది. మౌనం రోజుల్లో తప్ప ఆమె మెల్లగా మాట్లాడిన మొదటి మాట అదేనేమో.

మా ఇంటి తరఫున ఒక మేకపోతు తప్పు వేశారు. ఇంటికి నడుస్తున్నంతసేపూ అత్త తిడుతుందని చూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. గుమ్మం దగ్గరికి వచ్చాక అంది, "నల్లదాన్ని ఇవ్వకు, ఇంకా చిన్నది. తెల్ల మచ్చదాన్నివ్వు." అంతే. ఆ మేక కూరని ఊరంతా తిన్నారు. నేనూ తిన్నాను.

ఆ రోజునుంచి అత్త కేక మానేసింది. ఆవులు మేతకి వెళ్తే తనే కొండెక్కి తోలుకొచ్చేది. నేను పై పొలంలో ఉంటే అన్నం వేళకి అంత దూరం నడిచొచ్చి, నా ముందు నిలబడి, "తిందువు రా" అనేది. మొదట్లో ఊళ్ళోవాళ్ళు, "ఏం వదినా, గొంతు పట్టేసిందా?" అని పలకరించేవాళ్ళు. ఆమె నవ్వి ఊరుకునేది. తర్వాత అడగడం మానేశారు. ఇప్పుడు అందరికీ ఫోన్లున్నాయి, కేకలతో పనేముందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్నానంతే, నమ్మలేదు.

అంతకన్నా సిగ్గుచేటు ఇంకోటుంది. వేసవిలో వచ్చిన ఒకావిడ వెళ్తూ వెళ్తూ, ఈ ఇంటి పెద్దావిడ మౌనంలో ఎంత శాంతి ఉందో, ఈ ఊరి మనసంతా ఆమె మొహంలోనే కనిపించింది అని ఒక కాగితం మీద రాసిచ్చింది. దాన్ని చింపి పొయ్యిలో వెయ్యాల్సింది. నేను పటం కట్టించి గదిలో తగిలించాను. అత్తకి చదువు రాదు. ఏంట్రా అది అనడిగితే, "నీ గురించి మంచిగా రాశారు" అని చెప్పాను. పాపం, తలగుడ్డ అంచుతో దాని మీద దుమ్ము తుడిచేది.

ఆ ఏడే గడ్డి కోతల్లో ఇంకోటి జరిగింది. అత్త పొద్దున్నే వీపు బుట్ట తగిలించుకుని ఇంటి వెనక కొండకి వెళ్ళింది. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. ఎవరింట్లోనో కూచుని ఉంటుందనుకున్నాను. ఇంట్లో ఆరుగురు ప్రయాణికులున్నారు, వాళ్ళకి రాజ్మా, ఎర్రన్నం వడ్డించి, వాళ్ళతో కబుర్లలో పడ్డాను. నీడలు సాగుతుంటే అప్పుడు అనుమానం వచ్చింది. వెళ్ళి చూస్తే మా కప్పుకి సరిగ్గా పైన, ఒక బండ కింద పడి ఉంది. కాలు మోకాలి కింద పక్కకి తిరిగిపోయింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అక్కడనుంచి మా వంటింటి పొగ కనిపిస్తోంది. వాకిట్లో మా అతిథులు నవ్వుకోవడం కూడా వినిపిస్తోంది.

"ఎప్పుడు పడ్డావత్తా?"

"ఎండ ఎక్కకముందే."

"పొద్దుననుంచీ ఇక్కడే ఉన్నావా? ఒక్క కేక వేస్తే వచ్చేవాణ్ణి కదే!"

ఆమె కోపంగా అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పినట్టే చెప్పింది. "కేక వేస్తే ఎవరొస్తార్రా? ముసలిది మళ్ళీ చచ్చిన ఆవుని పిలుస్తోంది అనుకుంటారు."

ఆమెని వీపు మీద వేసుకుని కిందికి దింపాను. కుల్లూ ఆస్పత్రిలో కట్టు వేశారు. మూడు వారాలకి ఇంటికి తెచ్చాను.

మర్నాడు బేలీరామ్ తాత దగ్గరికి వెళ్ళాను. గుమ్మం ముందు రాజ్మా కాయలు వలుస్తున్నాడు. "తాతా, ఆ రోజు నేను చెప్పింది అబద్ధం. తోపులోంచి దారి చెప్పింది నేనే. అత్త మనిషి ప్రాణం కాపాడింది" అన్నాను. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

ఆయన కాయలు వలవడం ఆపలేదు. "నాకెందుకు చెప్తున్నావ్? ఆ రోజు నాకు చెప్పలేదుగా, దేవుడి వాకిట్లో చెప్పావు. ఆ మాట అన్న నోరే, అక్కడే నిలబడి, వెనక్కి తీసుకోవాలి. మన దేవుడే బురూట్‌కీ దేవుడు. వాళ్ళకి కూడా వినపడాలి. ఆమెని కూడా తీసుకురా."

పున్నమి రోజు పొద్దున్న అత్తని వీపు మీద మోసుకుని గుడికి తీసుకెళ్ళాను. "నన్నెందుకురా ఈ కాలుతో" అంటూనే వచ్చింది. ఊరంతా వచ్చారు. గుడి వాకిట్లో లోయవైపు పిట్టగోడ ఉంది. దాని దగ్గర నిలబడ్డాను. ఎదుటి కొండ మీద బురూట్ వాళ్ళు చీమల్లా కనిపిస్తున్నారు. మా అత్త చేసినట్టే చెవి మూసుకుని అరిచాను.

"నేను అబద్ధం చెప్పాను!"

అవతలనుంచి సన్నగా వినపడింది. "ఏంటీ?"

"అబద్ధం చెప్పానూ!"

"ఏం తెచ్చావ్?"

మా వెనక ఆడవాళ్ళలో ఎవరో నవ్వు ఆపుకుంటూ నోరు నొక్కుకున్నారు. మళ్ళీ అరిచాను. గాలి నా మాటల్ని నా మొహానికే కొట్టింది. నాలుగోసారికి గొంతు బొంగురుపోయింది. నా సిగ్గు చెప్పుకోవడానికి కూడా నా గొంతు చాలట్లేదు. అత్త ఒక్క కేక వేస్తే అటువైపు చేరిపోతుంది. ఆమె వైపు చూశాను. గోడకి ఆనుకుని, కట్టు వేసిన కాలు చాపుకుని కూచుంది.

"ఇంకోసారి కేక వెయ్. గాలి తగ్గింది" అంది, నాకు మాత్రమే వినపడేలా.

ముక్కలు ముక్కలు చేసి అరిచాను. మా అత్తకి. మతి. బాగానే ఉంది. ఆ రోజు. ఆవుని. పిలవలేదు. తప్పు. నాది.

అవతలనుంచి ఒక ముసలి ఆడగొంతు, మా అత్తంత కాకపోయినా గట్టిదే, లోయ దాటి వచ్చింది.

"ఆవుని 'బాబూజీ, ఆగండి' అని ఎవరు పిలుస్తార్రా? మాకు ఆ రోజే తెలుసు!"

బురూట్ అంతా నవ్వింది. మా వైపు ఒక్కరూ నవ్వలేదు. అందరూ నేల చూస్తున్నారు. వీళ్ళకి కూడా తెలుసు. మూడుసార్లు అడిగినప్పుడు తెలుసు, మేక కూర తిన్నప్పుడు తెలుసు. దాచానని అనుకున్నది నేనొక్కణ్ణే. నాకు చచ్చినంత పనైంది.

అత్త దగ్గర కూచున్నాను. "వీళ్ళందరికీ తెలుసని నీకు తెలుసా?"

"నా కేక ఎంత దూరం పోతుందో నాకు తెలీదా?"

"మరి ఆ రోజు అవునని ఎందుకన్నావు?"

"కాదంటే, అందరి ముందూ నువ్వు అబద్ధాలకోరువి అయ్యేవాడివి." తలగుడ్డ సర్దుకుంది. "నువ్వే చెప్తావులే అని చూశాను. కాలు విరిగేదాకా చూడాల్సొస్తుందనుకోలేదు. పద, చలేస్తోంది."

వంగి వీపు ఇచ్చాను. ఎక్కింది. మెడ చుట్టూ చేతులు వేస్తుందనుకున్నాను. వేయలేదు, దారి పొడుగునా చొక్కా కాలరు పట్టుకుంది. వాకిట్లో దింపి, నీళ్ళు కావాలా అని అడిగాను. పెదాలు కదిలాయి. పక్కనే ఉన్నాను, అయినా వినపడలేదు. ఏమన్నావత్తా అని మళ్ళీ అడగాల్సి వచ్చింది.